ఖైదీ స్త్రీలకు ఆశావాద బోధన: చరిత్ర చెప్పేదేమిటి?

గత సంవత్సరం వేసవిలో ఒక స్వచ్ఛంద సంస్థవారు నన్నొక మహిళా కారాగారానికి తీసుకువెళ్లారు. అక్కడి ఖైదీలకు వారు నెలకు రెండుసార్లు "సానుకూల దృక్పథం" అనే విషయం మీద తరగతులు నడుపుతున్నారు. ఆనాడు రావలసిన ఉపన్యాసకురాలికి జబ్బు చేసిందట. ముప్పై యేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పిన దాన్ని గనుక నాలుగు మంచిమాటలు చెప్పగలనని నన్ను అడిగారు. చెప్పవలసినదంతా అచ్చువేసిన కాగితం మీదనే వున్నది. గతాన్ని తలచుకుని కుమిలిపోవద్దు; మన ఆలోచనలే మన జీవితాన్ని తీర్చిదిద్దుతవి; పరిస్థితులను మార్చలేకపోయినా వాటిని చూసే చూపును మార్చుకోవచ్చు. ఈ మూడు సూత్రాలనూ ఉదాహరణలతో సహా ముప్పావుగంటసేపు చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను కూడా.

చివర "ఏమైనా అడగదలచుకున్నారా?" అంటే వెనుక వరుసలో నుంచి నలభైయేళ్ల స్త్రీ ఒకామె లేచి నిలబడింది.

"టీచరమ్మా, నాకు జడ్జిసారు బెయిలిచ్చి నాలుగు నెలలాయె. జమానతు వెట్టేటోళ్లు లేక ఈడనే వున్న. మీరు చెప్పినట్టు మంచిగ ఆలోచన చేస్తే ఇద్దరు జమానతుదార్లు దొరుకుతరా?"

ఆమె వేళాకోళంగా అడగలేదు. పాఠం శ్రద్ధగా విని, అందులో తనకు పనికివచ్చేదేదైనా వున్నదేమోనని అడిగింది. నేను "ధైర్యంగా వుండమ్మా" అన్నాను. అంతకంటె మరో మాట నాకు తోచలేదు. ఆమె తల వూపి కూర్చున్నది. ఆ తల వూపడం ఎటువంటిదో పాఠాలు చెప్పే వారందరికీ తెలుసు. పంతులుకు జవాబు రాదని తెలిసిపోయిన విద్యార్థి మర్యాదకోసం అలాగే తల వూపుతాడు.

ఆ ప్రశ్నకు ఆలస్యంగా వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం. జైలులో వున్న స్త్రీకి మనసు మార్చుకోమని బోధించడం ఈనాడు పుట్టిన పని కాదు. దానికి రెండు శతాబ్దాల చరిత్ర వున్నది. ఆ చరిత్రను పరిశీలిస్తే, నేను ఆనాడు చదివి వినిపించిన కాగితం ఎక్కడినుంచి వచ్చిందో, మధ్యదారిలో దానిలోంచి ఏమేమి రాలిపోయినవో తెలుస్తుంది.

1

లండను నగరంలోని న్యూగేటు జైలునుంచి మొదలుపెట్టాలి. 1813లో స్టీఫెన్ గ్రెలెట్ అనే క్వేకరు మతప్రచారకుడు ఆ జైలును చూసి, స్త్రీల విభాగంలో కటికనేల మీద పడివున్న పసిపిల్లల సంగతి ఎలిజబెత్ ఫ్రై అనే గృహిణితో చెప్పాడు. ఆమె బ్యాంకర్ల కుటుంబంలో పుట్టి వర్తకుల కుటుంబంలో మెట్టిన స్త్రీ. వెంటనే పసిపిల్లలకు వెచ్చని బట్టలు కుట్టించి తీసుకుని, జబ్బుపడినవారి కింద పరవడానికి గడ్డి తెప్పించి లోపలికి వెళ్లింది. లోపల సుమారు 300 మంది స్త్రీలు, వారి బిడ్డలు కొద్దిపాటి గదులలో కిక్కిరిసి వున్నారు. శిక్షపడినవారు, విచారణ జరగనివారు, ఉరికి ఎదురుచూసేవారు అందరూ ఒక్కచోటనే. అక్కడే వంట, అక్కడే ఉతుకు, అక్కడే నిద్ర. కర్రలకు చెక్కగరిటెలు కట్టి కటకటాలలోంచి చాచి, చూడవచ్చినవారిని చిల్లర అడుక్కునేవారు.

వీరంతా ఎవరు? ఈ ప్రశ్న ఆనాటి దయాళువులు చాలామంది వేసుకోలేదు. చరిత్ర విద్యార్థి వేసుకోక తప్పదు. ఆనాటి ఇంగ్లండులో మరణశిక్షకు తగిన నేరాలు రెండువందలకు పైగా వుండేవి. దుకాణంలో అయిదు షిల్లింగుల సరుకు చాటుగా దొంగిలించడం వాటిలో ఒకటి. ఆ శాసనాన్ని తొలగించాలని శామ్యూల్ రోమిలీ 1810 నుంచి ప్రయత్నించినప్పుడల్లా ప్రభువుల సభ తిప్పికొట్టింది. ఇక రెండవది, దొంగనోట్లు. ఫ్రాన్సుతో యుద్ధం కారణంగా 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు బంగారం చెల్లింపు ఆపివేసి, చిన్న మొత్తాలకు కాగితపు నోట్లు విడుదల చేసింది. ఆ నోట్లు నాసిరకంగా అచ్చయినవి గనుక నకలు తీయడం సులభం. సులభంగా నకలు తీయగల నోటు అచ్చువేసిన బ్యాంకుకు శిక్ష లేదు. దానిని మార్చిన పేదలకు మాత్రం ఉరి. 1821 నాటికి ఆ నేరం కింద ప్రాణాలు పోయినవారు మూడువందలకు పైగా వున్నారు. 1815లో యుద్ధం ముగిసింది. సైన్యం నుంచి వేలాదిమంది పని లేకుండా ఇళ్లకు వచ్చారు. అదే సంవత్సరం భూస్వాముల పార్లమెంటు ధాన్యచట్టం చేసి, చవక ధాన్యం పైదేశాలనుంచి రాకుండా అడ్డుకున్నది. రొట్టె ధర పెరిగిన కొద్దీ న్యూగేటు నిండింది. ఇందులో ఎవరి ఆలోచనా సరళిలోనూ లోపమేమీ కనిపించదు.

ఫ్రై కుటుంబ బాధ్యతలవల్ల మధ్యలో మూడునాలుగేళ్లు రాలేకపోయి 1816 చివర తిరిగి వచ్చింది. ఈసారి ఆమె చేసిన పనులను వరుసక్రమంలో చూడాలి. ముందుగా తల్లులను కూర్చోబెట్టి "మీ పిల్లలకు బడి పెడదామా?" అని అడిగింది. పంతులమ్మను ఎన్నుకునే పని వారికే వదిలిపెట్టింది. గడియారం దొంగిలించిన నేరానికి లోపలికి వచ్చిన మేరీ కానర్ అనే ఖైదీని వారు ఎన్నుకున్నారు. బడి మొదలైన కొద్దిరోజులకే పెద్దవాళ్లు తమకూ చదువు చెప్పమని, చేతికి పని ఇప్పించమని అడిగారు. 1817 ఏప్రిలులో ఫ్రై, ఆమె స్నేహితురాళ్లు కలిసి న్యూగేటు స్త్రీఖైదీల అభివృద్ధికై ఒక సంఘం పెట్టారు. కుట్టుపని, అల్లికపని తెప్పించారు. ఆ పనికి కూలి ఇప్పించారు. స్త్రీలపై అజమాయిషీకి స్త్రీనే మేట్రన్‌గా తమ ఖర్చుతో నియమించారు. తరువాత నియమావళి తయారైంది. దానిని ఖైదీలందరినీ సమావేశపరచి ఒక్కొక్క నియమం చదివి వినిపించి, చేతులెత్తించి ఆమోదం తీసుకున్నారు. పన్నెండుమందికొక నాయకురాలిని కూడా వారిలోంచే తీసుకున్నారు.

పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 1817లో ఇంగ్లండులో ఏ స్త్రీకీ పార్లమెంటుకు ఓటు లేదు. పురుషులలోనూ కూలివానికి, పనివానికి లేదు. అటువంటి దేశంలో దొంగతనం కింద పట్టుబడిన స్త్రీలు తాము పాటించవలసిన నియమాలమీద తామే చేతులెత్తారు. వారిలో మార్పు వచ్చిందని చూసినవారందరూ చెప్పారు. రాక ఏమవుతుంది? బట్ట వచ్చింది, బిడ్డకు బడి వచ్చింది, చేతికి పని, పనికి కూలి వచ్చినవి. తమ మాటకు విలువ వచ్చింది. ఆశ వీటి వెనకాలే వచ్చింది.

2

అయితే ఫ్రై కార్యక్రమానికి రెండవ ముఖం కూడా వున్నది. దాన్ని దాచిపెడితే చరిత్ర కాదు, స్తోత్రమవుతుంది.

ఆ నియమావళిలోనే నవలలు, నాటకాలు చదవరాదనే నిబంధన ఒకటి వున్నది. అడుక్కోవడం, పేకాట, తిట్లు, జగడాలు వీటితోపాటు సాహిత్యాన్ని కూడా దురలవాట్ల జాబితాలో చేర్చారు. వారికి తగినదని తలచిన గ్రంథం బైబిలు ఒక్కటే. ఫ్రై దానిని గంభీరమైన కంఠంతో చదువుతుంటే ఖైదీలు కంటతడి పెట్టేవారట. ఆ దృశ్యాన్ని చూడడానికి లండనులోని కులీనులు, విదేశీ అతిథులు అనుమతి చీట్లు తీసుకుని వచ్చేవారు. లోపలి స్త్రీ పశ్చాత్తాపం బయటి స్త్రీకి వినోదయాత్ర అయింది. పాపం చేసినది నువ్వు, మారవలసినది నువ్వు అనే భావం ఆ పఠనమంతటా అంతర్వాహినిగా వున్నది. నాసిరకం నోటు ముద్రించిన బ్యాంకుకూ, ధాన్యచట్టం చేసిన సభకూ పశ్చాత్తాప గ్రంథం చదివి వినిపించినవారు లేరు.

ఈ పరిమితి ఫ్రైకి స్వయంగా తగిలింది. 1818లో హారియెట్ స్కెల్టన్ అనే స్త్రీ దొంగనోట్లు మార్చిన నేరానికి ఉరికి సిద్ధంగా వున్నది. ఆమె మంచి నడత గలది, ఫ్రై తరగతుల్లో శ్రద్ధగా కూర్చునేది. ఈనాటి మాటల్లో చెప్పాలంటే ఆమెకు "సానుకూల దృక్పథం" పూర్తిగా వచ్చింది. ఫ్రై హోమ్ మంత్రి సిడ్‌మత్ ప్రభువు దగ్గరకు వెళ్లి క్షమాభిక్ష అడిగింది. ఆయన ఇవ్వలేదు, పైగా ఆమెమీద ఆగ్రహించాడు. స్కెల్టన్‌ను ఆ సంవత్సరమే ఉరితీశారు. మనసు మారినంత మాత్రాన శాసనం మారదని న్యూగేటు ఖైదీలందరికీ ఆ రోజు తెలిసింది. ఫ్రైకి కూడా తెలిసింది. ఆమె గొప్పతనం అక్కడ వున్నది. కామన్సు సభవారి విచారణ సంఘం ముందు ఆ సంవత్సరమే సాక్ష్యమిచ్చి జైలు పరిస్థితులు చెప్పింది. మరణశిక్షను వ్యతిరేకించింది. 1823లో వచ్చిన జైళ్ల చట్టం స్త్రీఖైదీలపై స్త్రీలనే అధికారులుగా వుంచాలని నిర్దేశించిందంటే దాని వెనుక ఆమె కృషి వున్నది. మనసునుంచి శాసనం వరకూ నడవవలసిన దారిని ఆమె కొంతదూరం నడిచింది.

ఇక్కడే ఒక బొంత కథ చెప్పాలి. ద్వీపాంతరం పంపే స్త్రీలకు నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో చేతిపని వుండాలని ఫ్రై సంఘం గుడ్డపీలికలు, దారం, సూదులు ఇచ్చేది. 1841లో "రాజా" అనే ఓడలో వాన్‌డీమెన్స్‌లాండు — ఈనాటి టాస్మేనియా — వెళ్లిన స్త్రీలు ఆ పీలికలతో పెద్ద బొంత ఒకటి కుట్టారు. ఈనాడది ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో వున్నది. బొంత అంచున తమకు గుడ్డలిచ్చిన సంఘం మహిళలకు కృతజ్ఞతలు దారంతో కుట్టివున్నవి. కుట్టిన స్త్రీల పేర్లు మాత్రం దానిమీద లేవు. ఖైదీ స్త్రీల సంస్కరణ చరిత్ర అంతా ఆ బొంతలాంటిదే. ఉపకారం చేసినవారు అంచుమీద కనిపిస్తారు, చేయి అరిగేటట్లు కుట్టినవారు కనిపించరు.

3

ఫ్రై తరువాత ఏమైందంటే, ఆమె కార్యక్రమంలోని ఖర్చుతో కూడిన భాగం క్రమంగా పక్కకు పోయి, ఖర్చులేని భాగం పెరిగింది.

1842లో లండనులో పెంటన్‌విల్ జైలు తెరిచారు. ఒక్కొక్క ఖైదీని ఒక్కొక్క గదిలో ఒంటరిగా వుంచి, తన ఆత్మతో తానే మాట్లాడుకుని బాగుపడేటట్లు చేయాలన్నది అక్కడి సిద్ధాంతం. పదిమందిని కలిపి కూర్చోబెట్టి నియమాలమీద చేతులెత్తించిన పద్ధతికి ఇది సరిగ్గా వ్యతిరేకం. 1859లో శామ్యూల్ స్మైల్స్ "సెల్ఫ్ హెల్ప్" గ్రంథం వెలువడింది. పట్టుదల, పొదుపు, స్వయంకృషి వుంటే ఎవడైనా పైకి వస్తాడని దాని సారాంశం. ఫ్యాక్టరీలు పెరిగిన దేశంలో పైకి వచ్చినవానికి అది చాలా నచ్చిన తత్త్వం. ఏమంటే, పైకి రానివాడు తన లోపంవల్లనే రాలేదని అది చెప్పకనే చెబుతుంది. అమెరికాలో 1873లో ఇండియానా రాష్ట్రంలో స్త్రీలకని ప్రత్యేక కారాగారం పెట్టారు. దాని వెనుక కూడా క్వేకరు స్త్రీలే వున్నారు. మగ వార్డర్ల అత్యాచారాలనుంచి స్త్రీలను తప్పించడం అక్కడ జరిగిన నిజమైన మేలు. కాని లోపల నేర్పిన విద్య వంట, ఉతుకు, కుట్టు. అంటే మరొకరి ఇంట్లో దాసీపనికి తగిన విద్య.

ఇక 1952లో నార్మన్ విన్సెంట్ పీల్ అనే న్యూయార్కు మతాచార్యుడు "పాజిటివ్ థింకింగ్" అనే మాటను గ్రంథనామంలో పెట్టి లోకమంతా వ్యాపింపజేశాడు. ఆ గ్రంథం లక్షలకొద్దీ ప్రతులు అమ్ముడుపోయింది. యుద్ధానంతర అమెరికాలో అమ్మకాల ఉద్యోగులకు, గుమాస్తాలకు, వ్యాపారులకు ఆత్మవిశ్వాసం కలిగించే మందు అది. ఉద్యోగమున్నవానికి, ఇల్లున్నవానికి, రేపు ఉదయం తలుపు తీసుకుని తనంతట తాను బయటికి వెళ్లగలిగినవానికి తయారైన మందు. దానిని తలుపు బయటనుంచి తాళం వేసిన గదిలోకి తీసుకురావడంలో వింత ఏదో వున్నదని నాకు ఆనాడు తోచలేదు. నా చేతిలోని అచ్చుకాగితం వంశవృక్షం ఇది. ఫ్రై ఇచ్చిన బట్ట, బడి, కూలి, చేతులెత్తే హక్కు దారిలో రాలిపోయి, చివరకు "చూపు మార్చుకో" అన్న మాట ఒక్కటి నా దగ్గరకు చేరింది.

4

మన దేశంలోకి వద్దాం. మన జైళ్లకు పునాది 1894 నాటి జైళ్ల చట్టం. స్త్రీలను పురుషులనుంచి వేరుగా వుంచాలని అది చెప్పింది. సంస్కరణ అనే మాట అధికార పత్రాలలో బలంగా వినిపించినది 1919-20 నాటి జైళ్ల విచారణ సంఘం తరువాతనే.

ఈ సందర్భంలో తెలుగువారు గుర్తు చేసుకోవలసిన స్త్రీ దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో 1909లో పుట్టిన ఆమె ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయి వెల్లూరు, మధుర జైళ్లు చూసింది. ఏకాంత నిర్బంధం కూడా అనుభవించింది. అక్కడ హత్యానేరాలకింద శిక్షపడిన స్త్రీలు ఆమెకు తటస్థపడ్డారు. తమమీద మోపిన నేరమేమిటో, కోర్టులో ఏమి జరిగిందో కూడా బోధపడని అమాయకులు వారిలో వున్నారు. వారిని చూచి ఆమె "మనసు నిబ్బరం చేసుకోండి" అని బోధించి వూరుకోలేదు. తానే న్యాయశాస్త్రం చదవాలని, ఇటువంటి స్త్రీలకు ఉచితంగా సహాయం చేయాలని నిశ్చయించుకున్నది. పెద్ద చదువు లేని మనిషి విడుదలైన తరువాత మెట్రిక్ నుంచి మొదలుపెట్టి, 1940లలో లాయరై, రాజ్యాంగ సభ వరకూ వెళ్లింది. ఆమె రాజకీయాలతో మనకు అభిప్రాయభేదాలుండవచ్చు. కాని జైలులో ఆమె నేర్చిన పాఠం మాత్రం అక్షరాలా సరైనది.

1970లో సింగ్‌భూమ్ ప్రాంతంలో నక్సలైటన్న ఆరోపణమీద అరెస్టయిన ఇంగ్లీషు ఉపాధ్యాయిని మేరీ టైలర్ విచారణ పూర్తికాకుండానే అయిదేళ్లు బీహారు జైళ్లలో గడిపి 1975లో విడుదలైంది. 1977లో వెలువడిన ఆమె గ్రంథం తెలుగులోకి కూడా వచ్చి మన విద్యార్థులు విస్తృతంగా చదివారు. అందులో మనలను పట్టుకునేది ఆమె కష్టం ఒక్కటే కాదు. ఆమెతోపాటు హజారీబాగు స్త్రీల వార్డులో వున్న పేద స్త్రీలు. కోర్టుకు తీసుకువెళ్లేవారు లేక, అడిగేవారు లేక యేళ్లకొద్దీ మగ్గినవారు.

ఆ బీహారునుంచే 1979లో హుసేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. లాయరు కపిలా హింగోరానీ తెచ్చిన ఆ కేసులో న్యాయమూర్తి భగవతి ముందు భయంకరమైన వాస్తవాలు బయటపడినవి. నేరం రుజువైతే పడే శిక్షకంటె ఎక్కువకాలం విచారణలోనే గడిపినవారున్నారు. ఏ నేరారోపణా లేకుండా, నేరానికి గురైనవారుగానో సాక్షులుగానో "రక్షణ" పేరుతో జైలులో పెట్టిన స్త్రీలున్నారు. ఈ స్త్రీలకు ఏ దృక్పథం బోధించాలి? వారిలో లోపమే లేదు. లోపం ఫైలులో వున్నది. ఆ కేసు కారణంగా వేలాదిమంది విడుదలయ్యారు. ఏ ధ్యానమూ, ఏ ఉపన్యాసమూ అంతమంది ముఖాలలో అంత సానుకూలత తీసుకురాలేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

అంతకు ముందు సంవత్సరమే, 1978లో, మోతీరాం కేసు వచ్చింది. ఒక తాపీపనివానికి బెయిలిచ్చి, పదివేల రూపాయల జమానతు అడిగారు. అతని సోదరుని ఆస్తి వేరే జిల్లాలో వున్నదని ఆ జమానతు నిరాకరించారు. పేదవాని శక్తికి మించిన జమానతు అడగడం బెయిలు నిరాకరించడంతో సమానమని న్యాయమూర్తి కృష్ణయ్యర్ తీర్పు చెప్పాడు. వెనుక వరుసలోని ఆ స్త్రీ నన్నడిగిన ప్రశ్నకు సుప్రీంకోర్టు అన్ని దశాబ్దాల కిందటే జవాబు చెప్పింది. ఆ జవాబు ఆమె దాకా రాలేదు. సిగ్గుతో చెబుతున్నాను, నా దాకా కూడా రాలేదు.

1983లో పత్రికారచయిత్రి షీలా బార్సే బొంబాయి జైలులో స్త్రీలతో మాట్లాడి, పోలీసు లాకప్పులో తమను కొట్టారని వారిలో కొందరు చెప్పిన మాటను సుప్రీంకోర్టుకు తెలియజేసింది. స్త్రీలను వేరు లాకప్పులో స్త్రీ పోలీసుల కాపలాలో వుంచాలనీ, అరెస్టయినవారి సంగతి వెంటనే న్యాయసహాయ సంఘానికి తెలపాలనీ ఆదేశాలు వచ్చినవి. కృష్ణయ్యర్ అధ్యక్షతన స్త్రీఖైదీలపై ఏర్పడిన జాతీయ నిపుణుల సంఘం 1987లో నివేదిక ఇచ్చింది. ఆ సంవత్సరమే చేసిన న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, నిర్బంధంలో వున్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు వున్నది. తల్లితో లోపల వుండే పిల్లల విషయమై 2006లో వచ్చిన తీర్పు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా వున్న కేసులోనిదే. ఆరేళ్లవరకు బిడ్డ తల్లి దగ్గర వుండవచ్చుననీ, ఆ బిడ్డను ఖైదీగా చూడరాదనీ, తిండి, వైద్యం, చదువు ఇవ్వాలనీ అది నిర్దేశించింది.

ఇక తీహారు సంగతి. 1993లో కిరణ్ బేడీ అక్కడ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయింది. 1994 ఏప్రిలులో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి విపశ్యన ధ్యాన శిబిరంలో కూర్చున్నారు. దానిమీద చలనచిత్రం కూడా వచ్చింది. దేశమంతటా జైలు అధికారులు ఆదర్శంగా తీసుకున్నది ఆ ధ్యానాన్నే. కాని అదే సమయంలో అక్కడ మరో పని జరిగింది. ఖైదీలు తమ ఫిర్యాదు రాసి వేయడానికి వార్డు వార్డుకూ తిరిగే పెట్టె ఒకటి పెట్టారు. చదువుకున్న ఖైదీలచేత చదువురానివారికి పాఠాలు చెప్పించారు. ధ్యానం దేశమంతా వ్యాపించింది. ఫిర్యాదు పెట్టె అంత వేగంగా వ్యాపించలేదు. కారణం చెప్పనక్కరలేదు. ధ్యానంలో కూర్చున్న ఖైదీ ఎవరిని గురించీ ఏమీ అడగదు. పెట్టెలో కాగితం వేసిన ఖైదీకి ఎవరో ఒకరు జవాబు చెప్పవలసివస్తుంది.

5

ఇంతవరకు చదివిన మిత్రులు కొందరు తృప్తిగా తల వూపి వుంటారని నాకు తెలుసు. "అవును, ఇదంతా పాలకవర్గం జోకొట్టే పాట" అని ఒక్కమాటలో తేల్చివేయవచ్చు. అలా తేల్చివేయడం తప్పని నా అభిప్రాయం. మన పక్షంలోని లోపం కూడా మనమే చెప్పుకోవాలి.

మనసు విషయం చిన్నది కాదు. రాత్రి నిద్రపట్టని స్త్రీ, బిడ్డను చూడక యేడాదైన స్త్రీ, ములాఖాత్‌కు ఒక్కరూ రాని స్త్రీ — మగఖైదీకి భార్య వస్తుంది, తల్లి వస్తుంది; స్త్రీ లోపలికి పోతే పుట్టింటివారు, అత్తింటివారు ఇద్దరూ ముఖం చాటేస్తారు — అటువంటి స్త్రీకి ఒక గంటసేపు ప్రశాంతంగా వూపిరి పీల్చడం నేర్పినవారిని నేను ఎగతాళి చేయలేను. విప్లవం వచ్చిన తరువాత అన్నీ సర్దుకుంటవి, అంతవరకు మనసు సంగతి మాట్లాడవద్దు అనడం భౌతికవాదం కాదు, బద్ధకం. అంతేకాదు, మన రాజకీయ ఖైదీలు జైలు జ్ఞాపకాలు చాలా రాశారు. వాటిలో పక్క బారకులోని "మామూలు ఖైదీ" ఎక్కడ వున్నాడు? నీళ్లు మోస్తూ, వంట చేస్తూ, అప్పుడప్పుడు ఒక హాస్య సంఘటనలో కనిపించి మాయమవుతాడు. ఇక మామూలు స్త్రీఖైదీ ఆ మాత్రం కూడా కనిపించదు. దొంగతనం చేసినామె, సారా కాచినామె, భర్త చావు విషయంలో నిందపడినామె మన సాహిత్యానికి తగిన వస్తువులని మనం అనుకోలేదు. ఆ ఖాళీలోకే అచ్చుకాగితాలు పట్టుకుని ఇతరులు ప్రవేశించారు. మనం వెళ్లని చోటికి వెళ్లినవారిని తప్పుపట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

కాబట్టి ఆశను బోధించవచ్చునా అన్నది అసలు ప్రశ్న కాదు. దేనిమీద నిలబడే ఆశను బోధిస్తున్నామన్నదే ప్రశ్న. 2022 చివరకు మన దేశపు జైళ్లలో 5,73,220 మంది వున్నారని ప్రభుత్వ లెక్క. అందులో స్త్రీలు 23,772 మంది, అంటే నూటికి నలుగురు. మొత్తం ఖైదీలలో నూటికి డెబ్భైయైదుమందికి పైగా విచారణ ఖైదీలే, చట్టం దృష్టిలో ఇంకా నేరస్థులు కానివారు. ఇటువంటివారికి గతాన్ని మరచిపొమ్మని చెప్పడం ప్రమాదకరం కూడా. వారి గతమే వారి సాక్ష్యం. ఏ రోజు పట్టుకున్నారు, ఏ కాగితంమీద వేలిముద్ర వేయించుకున్నారు, ఎవరు చూశారు — ఇవి మరచిపోతే కోర్టులో చెప్పుకోవడానికి ఏమి మిగులుతుంది?

6

నేను రెండవసారి వెళ్లాను. ఈసారి అచ్చుకాగితం లేకుండా వెళ్లాను. ఒక యువ న్యాయవాదిని వెంట తీసుకువెళ్లాను. అధికారిణి మొదట సందేహించినా, పాఠం పేరు "సానుకూల దృక్పథం" అనే వుంచుతామంటే ఒప్పుకున్నది. పేరుతో నాకు పేచీ లేదు.

ఆనాటి పాఠం చాలా చిన్నది. ఒక్కొక్కరికి ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి నాలుగు సంగతులు రాయమన్నాము: నా కేసు నంబరు ఏమిటి? ఏ కోర్టులో వున్నది? మళ్లీ వాయిదా ఎప్పుడు? నా వకీలు పేరేమిటి? రాయలేనివారికి రాయగలిగినవారు రాసిపెట్టారు. నాలుగింటికీ జవాబు రాయగలిగినవారు బహు కొద్దిమంది. చాలామంది మూడవదానితో ఆగిపోయారు. ఖాళీలున్న కాగితాలన్నీ ఆ న్యాయవాది తీసుకున్నది. బెయిలిచ్చిన వారం రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే ఆ సంగతి జైలు అధికారి జిల్లా న్యాయసేవల సంస్థకు తెలపాలనీ, నెల దాటినా జమానతు పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చుననీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి వివరించింది. తరువాత మిగిలిన సమయంలో నేను న్యూగేటు కథ చెప్పాను. మేరీ కానర్‌ను తోటి ఖైదీలు పంతులమ్మగా ఎన్నుకున్నారంటే అందరూ నవ్వారు. నియమాలకు చేతులెత్తారంటే నవ్వలేదు, శ్రద్ధగా విన్నారు.

వెనుక వరుసలోని ఆమె ఆనాడు కూడా వున్నది. జమానతు ఇంకా దొరకలేదు. కాగితం మీద నాలుగు జవాబులూ వున్నవి. నాలుగూ ఆమె స్వయంగా రాసుకున్నవే.

"ఇది నా దగ్గర వుంచుకోవచ్చా టీచరమ్మా?" అని అడిగింది.

"నీదే గదమ్మా" అన్నాను.

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకున్నది. ఆ తరువాత ఆమె ఏమైందో చెప్పి ఈ వ్యాసాన్ని సుఖాంతం చేయగలిగితే బాగుండును. ఆమె కేసు ఇంకా నడుస్తున్నది. షరతులు సడలించమని దరఖాస్తు పడింది, వాయిదా వున్నది. ఈ పత్రిక చదివే అధ్యాపకులలో, విద్యార్థులలో, ముఖ్యంగా న్యాయశాస్త్ర విద్యార్థులలో, తమ వూరి జైలు గేటు దాకా ఎప్పుడూ వెళ్లనివారు వుంటారు. ముప్పై యేళ్లు చరిత్ర చెప్పిన నేను కూడా గత సంవత్సరం దాకా వెళ్లలేదు. వెళ్లండి. మంచిమాటలు చెప్పండి, కాదనను. కాని వెళ్లేటప్పుడు ఆ నాలుగు ప్రశ్నలూ వెంట తీసుకువెళ్లండి.